శుభం పెద్దమ్మ

మా పెద్దమ్మకు ఉన్నది ఒకే ఒక్క జబ్బు. దానికి మందు లేదు, ఆవిడ ఎవర్నీ మందు అడగనూ లేదు. సినిమా ఏదైనా సరే, దాని ముగింపు ముందే చెప్పేస్తుంది. చూసిన సినిమా గురించి చూడనివాళ్ళకు చెప్పడం లోకంలో ఉన్నదే. కాకపోతే మిగతావాళ్ళు కథను మొదటినుంచి ఎత్తుకుని, వినేవాడు చెవులు మూసుకోవడానికి కాస్త వ్యవధి ఇస్తారు. మా పెద్దమ్మ దగ్గర అలాంటి దయాదాక్షిణ్యాలు లేవు. "చంపింది వాళ్ళ బావే" అని మొదలుపెట్టి, ఆ తర్వాత తీరిగ్గా కొంగు సర్దుకుని "ఇంతకీ కథేమిటంటే" అంటుంది. సినిమా ఆఖర్న తెర మీద పడే అక్షరాలు ఆవిడ నోట్లోంచి ముందే పడిపోతాయి కాబట్టి చుట్టాలందరూ ఆవిడకు ‘శుభం పెద్దమ్మ’ అని పేరు పెట్టారు. ఆవిడ దాన్ని బిరుదనుకుంది.

నాకు ఊహ తెలిసినప్పటినుంచీ ఏ సినిమానూ ‘ఏమవుతుందో’ అని చూసి ఎరగను. ‘ఎప్పుడవుతుందో’ అని చూడడమే నా ప్రాప్తం. తెర మీద హీరోయిన్ పూలతోటలో గెంతుతూ మొదటి పాట పాడుతుంటే, ఆ పిల్లకు చివర్లో పట్టబోయే గతి తెలిసిన నేను ఆ పాటకే వెక్కి వెక్కి ఏడ్చేదాన్ని. పక్క సీట్లో వాళ్ళు నాకేదో కష్టం వచ్చిందని మంచినీళ్ళు ఇచ్చేవారు.

బతిమాలినా లాభం లేదు. ఒకసారి ముందే చేతులు జోడించాను.

"పెద్దమ్మా, నీకు పుణ్యముంటుంది. రేపు మేమందరం వెళ్తున్నాం. దాని గురించి ఒక్క ముక్క చెప్పకు."

"నేనెందుకు చెప్తానే? నాకేం పనిలేదా? హాయిగా వెళ్ళి చూడండి."

"థాంక్స్ పెద్దమ్మా."

"చూసేటప్పుడు మాత్రం ఆ తోటమాలి మీద ఓ కన్నేసి ఉంచు."

"పెద్దమ్మా!"

"ఇప్పుడు నేనేమన్నానని? కన్నేసి ఉంచమన్నాను. హత్య చేసింది వాడని అన్నానా?"

మా పెదనాన్న గడియారాలు బాగుచేసేవాడు. దుకాణంలో ఉంటే ఇల్లు, ఇంట్లో ఉంటే దుకాణం గుర్తుండని మనిషి. ఆయనొకసారి ముచ్చటపడి, ఆవిడ అప్పటికే ఒకసారి చూసొచ్చిన సినిమాకే ఆవిడను మళ్ళీ తీసుకెళ్ళాడు. టిక్కెట్ల వరసలో ఆవిడ ముందున్న ఒకావిడతో మాట కలిపింది. వరస కదిలేలోపు కథ వరస చివరిదాకా పాకింది. సగం మంది ఇంటిదారి పట్టారు. థియేటర్ మేనేజరు పరుగెత్తుకుంటూ బయటికొచ్చి పెదనాన్న చేతులు పట్టుకున్నాడట. "బాబ్బాబు, ఇకమీదట మీరు నేరుగా లోపలికి వచ్చెయ్యండి. ఆవిణ్ణి మాత్రం వరసలో నిలబెట్టకండి" అన్నాడట. పెదనాన్నకు ఆ రోజు ఎంతో గర్వంగా అనిపించిందని చెప్పేవాడు. ఎందుకు పిలిచారో ఆయనకు చివరిదాకా తెలియలేదు.

పళ్ళ డాక్టరు దగ్గర కూడా అంతే. అక్కడ కూర్చున్నవాళ్ళ కాలక్షేపానికి గోడ మీద టీవీ ఒకటి ఉండేది. పెద్దమ్మ లోపల అడుగుపెట్టగానే కాంపౌండరు ఎవరి వంతూ చూడకుండా ఆవిణ్ణి పిలిచేసేవాడు. మిగతా రోగులు కూడా "పర్లేదు, పంపించెయ్యండి" అనేవారు.

ఇక ఈ కథలో ఉన్న రెండో మనిషి పెద్దమ్మకు అత్తగారు. మేమందరం మామ్మ అనేవాళ్ళం. మోకాళ్ళ నొప్పులతో గడప దాటేది కాదు. డాక్టర్నైనా ఇంటికి రప్పించాల్సిందే తప్ప తను కదిలేది కాదు. కాళ్ళు చేయాల్సిన పని కూడా నోరే చేసేది. మధ్యాహ్నం భోజనాలయ్యాక అత్తాకోడళ్ళిద్దరూ కిటికీ పక్కన చేరి గుసగుసగా ఏవేవో మాట్లాడుకునేవారు. ఆ సమయంలో ఇల్లు కాలిపోతున్నా వాళ్ళను పిలవకూడదని మాకు రూలు.

అలాంటి మామ్మ ఒకరోజు పేపరు చదువుతూ ఉన్నట్టుండి "నా పట్టుచీర తియ్యండి" అంది. ఎవరి పెళ్ళో అనుకున్నాం. పెళ్ళి కాదు. ఊళ్ళో సినిమాలు, టీవీ, కార్టూన్ బొమ్మల చరిత్ర చూపించే మ్యూజియం ఒకటుంది. అక్కడ ఆదివారం మధ్యాహ్నం ఒక పాత సీరియల్ చివరి భాగం వేస్తారట.

ఆ సీరియల్ సంగతి కాస్త చెప్పాలి. చాలా ఏళ్ళ కిందట వారానికోసారి టీవీలో వచ్చేది. చిన్నప్పుడు రైల్వేస్టేషన్లో తప్పిపోయిన చెల్లెల్ని వెతుక్కుంటూ, కుట్టుపని చేసుకునే అక్క ఊరూరా తిరుగుతుంది. వెతగ్గా వెతగ్గా చెల్లెలి ఆచూకీ దొరికింది. తీరా చూస్తే ఆ చెల్లెలు ఎక్కిన పడవ తుఫానులో చిక్కుకుంది. అక్కడ ఆపి ‘తరువాయి వచ్చేవారం’ అన్నారు. ఆ వచ్చేవారం మళ్ళీ రాలేదు. ఎందుకో సీరియల్ ఆపేశారు. ప్రసారం కాని ఆ చివరి భాగం టేపు ఇప్పుడు ఏదో పాత బీరువాలో దొరికిందట.

"నన్ను తీసుకెళ్ళండి" అంది మామ్మ.

ఎగిరి గంతేయాల్సిన పెద్దమ్మ మొహం పాలిపోయింది. "ఎందుకత్తయ్యా అంత దూరం? మీ మోకాళ్ళేమవుతాయి? అయినా దాని చివర మీకు తెలిసిందేగా!"

"తెలిసిందే చూస్తాను. నీ సొమ్మేం పోయింది?"

పెద్దమ్మ నా రెక్క పట్టుకుని వంటింట్లోకి లాక్కెళ్ళి తలుపు వేసింది. మామ్మకు వినిపించకుండా కుళాయి కూడా తిప్పింది.

"ఏమే, కొంప మునిగింది. ఆ సీరియల్ చివర ఏమిటో నాకు తెలీదు."

నాకు నవ్వొచ్చింది. "నీకు చివర తెలీకపోవడమేమిటి పెద్దమ్మా? ఎవరైనా వింటే నవ్విపోతారు."

"నవ్వులాట కాదే. అప్పటికి మా మామగారు పోయి ఎన్నాళ్ళో కాలేదు. ఈవిడ కంచం ముందు కూర్చుంటే కూర్చున్నట్టే ఉండిపోయేది. మంచం దిగేది కాదు. ఆ సీరియల్ వచ్చే రోజు మాత్రం లేచి, మొహం కడుక్కుని, తల దువ్వుకుని టీవీ ముందుకొచ్చేది. అది కాస్తా ఆపేశారు. మళ్ళీ మంచం ఎక్కింది. నన్నేం చెయ్యమంటావు? టీవీ ఆఫీసులో నాకో స్నేహితురాలుంది, చివరేమిటో అడిగి తెలుసుకున్నాను అని చెప్పాను. చెల్లెలు బతికిందట, అక్కాచెల్లెళ్ళు కలుసుకున్నారట, ఇద్దరూ కలిసి కుట్టు దుకాణం పెట్టుకున్నారట అన్నాను."

"అంటే?"

"లేచి కూర్చుని, ‘దుకాణం ఎలా నడుస్తోంది?’ అంది."

దుకాణం బ్రహ్మాండంగా నడుస్తోందని చెప్పక తప్పింది కాదు. మర్నాడు ఎవరెవరు బట్టలిచ్చారో చెప్పాల్సి వచ్చింది. ఆ తర్వాత చెల్లెలికి సంబంధం చూడాల్సి వచ్చింది. అలా టీవీలో ఆగిపోయిన సీరియల్ మా పెద్దమ్మ నోట్లో ఏళ్ళ తరబడి నడుస్తూ వచ్చింది. చెల్లెలికి కవలపిల్లలు పుట్టారు. వాళ్ళకు తట్టు పోసింది, తగ్గింది. అక్క మాత్రం పెళ్ళి వద్దంది. కవలల్లో పెద్దది పళ్ళ డాక్టరయింది. ఇక్కడ నాకు కళ్ళు తిరిగాయి. ఎందుకంటే ఆ పళ్ళ డాక్టరమ్మ నాకు తెలుసు, చూసి కాదు, విని. చిన్నప్పటినుంచీ వాళ్ళందరి కబుర్లూ మధ్యమధ్యలో నా చెవిన పడుతూనే ఉండేవి. వాళ్ళు మా దూరపు చుట్టాలనుకున్నాను. చెల్లెలి పెళ్ళికి మమ్మల్ని పిలవలేదేమని మా అమ్మ మీద అలిగి అన్నం మానేశాను కూడా.

"ఇప్పుడా టేపులో చెల్లెలు మునిగిపోయిందనుకో" అంది పెద్దమ్మ. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నేను అబద్ధాలకోరునని తెలుస్తుంది. తెలిస్తే తెలిసింది, నాలుగు తిడుతుంది, పడతాను. కానీ ఆ పిల్లలెవరూ లేరని తెలిస్తే ఆవిడకు మధ్యాహ్నాలు ఎలా గడుస్తాయే?"

పెద్దమ్మే కొంగుతో కళ్ళొత్తుకుని ఉపాయం చెప్పింది. మ్యూజియంకి తీసుకెళ్ళాలి. తీసుకెళ్ళి అడుగడుగునా ఆలస్యం చెయ్యాలి. ఆట అయిపోయాక హాలు దగ్గరికి చేర్చి "అయ్యో" అనాలి.

ఆదివారం మామ్మను మ్యూజియం వాళ్ళిచ్చిన చక్రాల కుర్చీలో కూర్చోబెట్టాం. అక్కడ గైడుగా ఉన్న అమ్మాయి నవ్వుతూ ఎదురొచ్చింది. జీవితంలో ఏ కథకూ మొదలు అక్కర్లేని మా పెద్దమ్మ ఆ అమ్మాయి చెయ్యి పట్టుకుని, "సినిమా అనేది అసలు ఎలా పుట్టిందో మొట్టమొదటినుంచీ చెప్పమ్మా. ఏదీ వదలకు. మాకు తొందరేం లేదు" అంది. ఇంతకుముందు ఎవరూ ఆ మాట అనలేదు కాబోలు, ఆ పిల్ల ఆనందానికి హద్దు లేదు. నూనెదీపం వెలుగులో గోడ మీద బొమ్మలు చూపించిన కాలంనుంచి ఎత్తుకుంది.

"ఆట ఎన్నింటికే?" అంది మామ్మ.

"ఇంకా టైముందత్తయ్యా. ముందు ఈ దీపం చూడండి. ఎంత బాగా తోమారో!"

రెండో గదిలో ఒక గుండ్రటి డబ్బా ఉంది. దాని చుట్టూ సన్నటి చీలికలు. డబ్బాను తిప్పి చీలికల్లోంచి చూస్తే లోపల అతికించిన గుర్రం బొమ్మలన్నీ కలిసి ఒకే గుర్రమై పరుగెత్తుతాయి. పెద్దమ్మ వంగి చూసింది. చూస్తూ ఉండిపోయింది. మొదట అది ఆలస్యం చెయ్యడానికి ఆడుతున్న నాటకమనుకున్నాను. కాదు. ఆవిడ నిజంగానే చిక్కుకుపోయింది.

"ఇదెక్కడికి వెళ్తోందమ్మా?"

"ఎక్కడికీ వెళ్ళదండీ. మళ్ళీ మొదటికే వస్తుంది" అంది గైడమ్మాయి.

"అది సరే. చివరికేమవుతుంది?"

"దీనికి చివరంటూ లేదండీ."

పెద్దమ్మ నిటారుగా నిలబడి ఆ పిల్లను జాలిగా చూసింది. "చివర లేకపోవడమేమిటమ్మా? ఎవరో ఒకరు దాన్ని పట్టుకుని కట్టెయ్యాలిగా! నువ్వు పూర్తిగా చూసి ఉండవు." మళ్ళీ తిప్పింది. మళ్ళీ వంగింది. మామ్మ నా వైపు తిరిగి, "దీనికేమైనా పిచ్చి పట్టిందా?" అని అడిగింది.

ఆ పక్క గదిలో చేత్తో తిప్పే యంత్రం ఒకటుంది. కళ్ళు ఆనించి పిడి తిప్పితే ఒక లావుపాటి మనిషి గడ్డం గీసుకోబోవడం, కుక్క వచ్చి సబ్బు ఎత్తుకుపోవడం కనిపిస్తుంది. దాని ముందు పెద్ద వరస ఉంది. మా అదృష్టం పండిందనుకున్నాను. ఈ వరసలో నిలబడితే ఆట దానంతటదే అయిపోతుంది. ముసలావిణ్ణి చూసి జాలిపడి ఎవరో పెద్దమ్మను, మామ్మను ముందుకు పంపబోయారు. "వద్దు వద్దు, మేం వెనకే ఉంటాం" అంది పెద్దమ్మ. అయినా వాళ్ళు వినలేదు. పెద్దమ్మ ఒక్కసారి పిడి తిప్పి చూసింది. ఇక అంతే. ఏళ్ళ అలవాటు ఆవిడ మెదడును అడక్కుండానే నోరు తెరిపించింది.

"చివరికి కుక్కే గెలుస్తుంది" అని వరస మొత్తానికీ చెప్పేసింది.

వరస చెదిరిపోయింది. మేం నలుగురమే మిగిలాం. పెద్దమ్మ చేత్తో నోరు మూసుకుంది కానీ అప్పటికే గది ఖాళీ అయింది.

కార్టూన్ల గదిలో ఒక బొమ్మ రెప్పవాల్చడానికి ఎన్ని కాగితాల మీద గీయాలో చూపించారు. పెద్దమ్మ వాటిని ఒక్కొక్కటీ లెక్కపెట్టడం మొదలుపెట్టింది. "ఆట ఎన్నింటికే?" అంది మామ్మ. పెద్దమ్మ లెక్క తప్పి మళ్ళీ మొదటినుంచి పెట్టింది.

తర్వాతది టీవీ గది. వార్తలు చదివేవాళ్ళ బల్ల, ఎదురుగా కెమెరా. వచ్చినవాళ్ళెవరైనా ఆ బల్ల వెనక కూర్చుని వార్తలు చదవొచ్చు. మ్యూజియంలో అన్ని గదుల్లోనూ ఉన్న టీవీల్లో వాళ్ళ మొహం కనిపిస్తుంది. "అత్తయ్యా, మీరు చదవాల్సిందే. ఈ అవకాశం మళ్ళీ రాదు" అని పెద్దమ్మ కుర్చీని బల్ల దగ్గరికి తోసేసింది. మామ్మ కళ్ళజోడు సర్దుకుంది. కెమెరా వైపు సూటిగా చూసింది. ముందున్న కాగితం పక్కకు నెట్టింది.

"నమస్కారం. వార్తల్లోని ముఖ్యాంశాలు. పట్టపగలు ఒక ముసలిదాన్ని కన్నకొడుకు భార్యే ఆట చూడనివ్వకుండా ఊరంతా తిప్పుతోంది. ఈ కుట్రలో ఒక మనవరాలికి కూడా భాగం ఉన్నట్టు తెలిసింది."

అన్ని గదుల్లోంచీ నవ్వులు వినబడ్డాయి. గైడమ్మాయి నాలుక కరుచుకుని, "అయ్యో మామ్మగారూ, ముందే చెప్పకూడదూ! ఇప్పుడే మొదలవుతోంది, రండి" అంటూ కుర్చీని తోసుకుంటూ పరుగెత్తింది. ఆ వేగానికి మామ్మ పట్టుచీర కొంగు వెనక్కి ఎగిరింది. మేం ఆ కొంగు వెంట పరుగెత్తాం.

హాలు చిన్నది. మేం కూర్చునేసరికి దీపాలు ఆరాయి. తెర మీద తుఫాను మొదలైంది. తొట్టెలో నీళ్ళు పోసి, బొమ్మ పడవను ఎవరో కింద నుంచి ఊపుతున్నారని తెలుస్తూనే ఉంది. అయినా నేను కుర్చీ అంచుకు జరిగాను. సినిమాల చివర్ల కోసమే పుట్టిన మా పెద్దమ్మ ఆ చివరను చూడలేక కళ్ళు గట్టిగా మూసుకుంది. నా మణికట్టు పట్టుకుంది. "బతికిందా?" అని గుసగుసగా అడిగింది. నేను ఆవిడ చేతి మీద చెయ్యి వేశాను. జీవితంలో మొదటిసారి ఒక ముగింపు నాకు తెలిసి ఆవిడకు తెలియలేదు. కానీ అందులో ఏ సంతోషమూ లేకపోయింది.

చెల్లెలు బతకలేదు. ఆమె చేతిసంచీ ఒక్కటే ఒడ్డుకు కొట్టుకొచ్చింది. అక్క దాన్ని ఒళ్ళో పెట్టుకుని కాసేపు కూర్చుని, ఇంటికెళ్ళి కుట్టుమిషను మీద మూత పెట్టేసింది. అంతే. ఆ మూత పడగానే కవలపిల్లలు, పళ్ళ డాక్టరు, కుట్టు దుకాణం, వాళ్ళ తట్టూ తగ్గడమూ అన్నీ ఒక్కసారిగా లేకుండా పోయాయి. మామ్మ వైపు చూడడానికి భయం వేసింది.

దీపాలు వెలిగాయి. మామ్మ కళ్ళజోడు తీసి కొంగుతో నెమ్మదిగా తుడుచుకుంది.

"ఎలా ఉందండీ మామ్మగారూ?" అంది గైడమ్మాయి.

"తేలిపోయింది" అంది మామ్మ.

పెద్దమ్మ ఒక కన్ను తెరిచింది.

"ఊరూరా తిప్పి తిప్పి చివరికి చేతిలో సంచీ పెడతారా? వీళ్ళకి ఇంతేనా చేతనైంది? ఆపేసి మంచిపని చేశారు."

"అత్తయ్యా..." అంది పెద్దమ్మ నీళ్ళు నములుతూ. "మరి నా స్నేహితురాలు... టీవీ ఆఫీసులో... బహుశా ఆవిడ పొరపాటున..."

"ఏ స్నేహితురాలే? నీకు స్నేహితులు కూడానా? ప్రతి సినిమా చివరా చెప్పేస్తావని నిన్ను చూస్తే వీధిలో తలుపులేసుకుంటారు. నీతో మాట్లాడేది నేనొక్కదాన్నే, అదీ లేచి పారిపోలేక."

"అంటే మీకు..."

"ఆ రోజే తెలుసు. కుట్టు దుకాణం అన్నప్పుడే నీ పనేనని తెలిసింది. నీ రవికలు నువ్వు కుట్టుకునేదానివిగా, నీకు వేరే దుకాణం ఎక్కడ తోస్తుంది?"

పెద్దమ్మకు నోట మాట రాలేదు. ఆవిడకు మాట రాకపోవడం నేను చూడడం అదే మొదలు. "తెలిసీ దుకాణం ఎలా నడుస్తోందని ఎందుకడిగారు?" అంది చివరికి, చిన్నపిల్లలా.

"అడిగితే నా మంచం మీద వచ్చి కూర్చుంటావని" అంది మామ్మ. తర్వాత నా వైపు తిరిగింది. "మీరందరూ దీన్ని శుభం శుభం అని ఆటపట్టిస్తారుగా. మీ తాతయ్య పోయాక, ఎవరు ఏ కథ చెప్పినా నాకు సగంలోనే ఆయాసం వచ్చేది. ఏమైపోతారో, ఎవరు పోతారో అని గుండె దడదడలాడేది. అందుకని ఇది ప్రతి సినిమాకీ మొదటి ఆటకే వెళ్ళేది. వచ్చి, చెప్పులు కూడా విప్పకుండా గుమ్మంలోంచే ముందు చివర చెప్పేది. ‘ఏం భయం లేదత్తయ్యా, పిల్లలు బాగానే ఉన్నారు’ అని. ఆ తర్వాతే కథ. నా దడ తగ్గిపోయి చాలా ఏళ్ళయింది. దీని నోటికే ఆ అలవాటు తగ్గలేదు. ఊరి మీద పడింది."

"అబ్బే, అదేం కాదు. నాకు చిన్నప్పట్నుంచీ ఉన్న అలవాటే" అంది పెద్దమ్మ, దొంగతనం బయటపడ్డట్టు మొహం ఎర్రగా చేసుకుని. నాకావిడ మీద చెప్పలేనంత ప్రేమ పుట్టుకొచ్చింది. అక్కడికక్కడే కావలించుకుందామనుకున్నాను. తోటమాలి గుర్తొచ్చి కాసేపు ఆగి, అప్పుడు కావలించుకున్నాను.

"మరి అన్నీ తెలిసి ఇంత దూరం ఎందుకొచ్చావు మామ్మా?" అని అడిగాను.

"ఇన్నేళ్ళుగా దీనిదొక్కటే వింటున్నాను. బాగుందో లేదో తేల్చుకోవాలంటే పోల్చడానికి రెండోది ఉండొద్దూ?" అంది మామ్మ. గైడమ్మాయి వైపు చూసి, "ఇదిగో అమ్మాయ్, మీ వాళ్ళతో చెప్పు. ఆ చెల్లెలు నిక్షేపంగా ఉంది. కూతురు పళ్ళ డాక్టరు" అంది. ఆ పిల్ల బుద్ధిగా తలూపింది.

తిరుగు ప్రయాణంలో నేను కారు నడుపుతున్నాను. వెనక సీట్లో అత్తాకోడళ్ళు. మామ్మ గొంతు సవరించుకుంది.

"ఊఁ, మొన్న సగంలో ఆపావు. కవలల్లో చిన్నదానికి పైఊళ్ళో ఉద్యోగం వచ్చిందన్నావు. వాళ్ళ పెద్దమ్మను వదిలి ఎలా వెళ్ళడమని ఏడుస్తోందన్నావు. తర్వాత?"

పెద్దమ్మ కొంగు సర్దుకుంది. కథ అందుకుంది. చిన్నది పెట్టె సర్దింది. కుట్టు దుకాణం అక్క ఆ పెట్టెలో తన కత్తెర పెట్టింది. చిన్నది కత్తెర తీసి పక్కన పెట్టింది. అక్క మళ్ళీ పెట్టింది. నేను తిరగాల్సిన మలుపు దాటిపోయాను. ఇంటికి తొందరగా చేరాలని నాకేమీ అనిపించలేదు. కానీ ఆ పిల్ల సంగతి తేలక ప్రాణం విలవిలలాడింది.

"ఇంతకీ వెళ్తుందా, ఉండిపోతుందా? చివరికేమవుతుందో చెప్పు పెద్దమ్మా" అన్నాను.

"నువ్వు రోడ్డు చూసి నడుపు" అంది వెనక నుంచి శుభం పెద్దమ్మ. "చివర ముందే చెప్పేస్తే ఇంక వినడానికేముంటుందే?"